ఎర్రజుట్టు మాంత్రికుడి వాకబు

"ఒక్క మాట అడగొచ్చాండీ? ఎర్రజుట్టువాడు మీకేం అన్యాయం చేసినాడు?"

బాసిత్ గొంతు ఆరిఫా మొట్టమొదట విన్నది ఈ మాటతోనే. అదీ ఫోన్లో, అదీ రేడియోలో, కాన్‌బెర్రాలో ఉన్న నలుగురు తెలుగువాళ్ళూ వింటుండగా.

తొంభైతొమ్మిదో సంవత్సరం, జూలై చలి. శనివారం మధ్యాహ్నం అక్కడి కమ్యూనిటీ రేడియోలో తెలుగుకి ఓ అరగంట ఇచ్చేవారు. ఆ అరగంటకి రత్నకుమారి ఆంటీ మహారాణి. ముందు ఒక పాట, తర్వాత ఎవరి పెరట్లో బార్బీ, అంటే మాంసం కాల్చుకు తినే విందు, ఉందో ఆ కబుర్లు, చివర్లో పిల్లలకి కథ. కథ చెప్పడం ఆరిఫా వంతు. మిగతా రోజుల్లో లైబ్రరీలో పిల్లల పుస్తకాలు చూసుకునే ఉద్యోగం కాబట్టి ఆ పిల్లకి కథలకి కరువు లేదు. ఆ సీజన్ కథలో ఎర్రజుట్టు మాంత్రికుడొకడు రాజకుమారిని ఎత్తుకుపోయి గుహలో దాచాడు. వారం వారం వాడి పాపాలు పెరుగుతున్నాయి.

"మాంత్రికుడండీ. అన్యాయం చెయ్యడం ఆయన డ్యూటీ" అంది ఆరిఫా మైకులో, నవ్వాపుకుంటూ.

"డ్యూటీ చేసేవాడికి అలుపుంటాది కదండీ. మీ మాంత్రికుడు ఒక్కసారైనా ఆవలించడే?"

ఆ మాట అంటూనే అవతలి మనిషి నిజంగా ఆవలించాడు. పొడుగ్గా, దీర్ఘం తీసి. రత్నకుమారి ఆంటీ కంగారుగా పాట వేసేసింది.

అవతలి మనిషి, అంటే బాసిత్, రిసీవర్ పెట్టేసి సోఫాలో వెనక్కి పడ్డాడు. ఒక కాలికి బూటు ఇంకా అలాగే ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. ఇతను తడుముకున్నది తలకాయ. అది నిజంగానే ఎర్రగా ఉంది మరి.

బాసిత్‌ది కడప. కోబాల్ ప్రోగ్రామర్. వయసు ముప్పై దాటలేదు గానీ తల అప్పటికే ముగ్గుబుట్ట. ఆ ఏడాది ప్రపంచమంతా వైటూకే భయం పట్టుకుని ఊగుతోంది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే రాశారు, రెండువేలు రాగానే కంప్యూటర్లు దాన్ని పందొమ్మిదివందలు అనుకుంటాయి, అంతా తలకిందులవుతుంది అని. కాన్‌బెర్రాలో ఒక ప్రభుత్వ డిపార్ట్‌మెంటు అలాంటి ప్రోగ్రాములు దిద్దడానికి కాంట్రాక్టు మీద మనుషుల్ని తెచ్చుకుంది. పొద్దున చీకటితో వెళ్ళడం, చీకటి పడ్డాక గంగాలిన్ పేటలోని అద్దింటికి రావడం. జనవరి దాకా కాంట్రాక్టు. ఆ తర్వాత ఏమిటో వాళ్ళకీ తెలియదు, ఇతనికీ తెలియదు. ఆదివారం నిద్రపోయి లేచినా సోమవారం అలుపుగానే ఉండేది.

తల నెరిసిందని ఫోటోలో చూసి వాళ్ళమ్మ బెంగపడింది. తెలిసినవాళ్ళు వస్తుంటే రెండు పొట్లాలు పంపింది. ఒకటి గోరింటాకు పొడి, రెండోది నీలి ఆకు పొడి. ఒకదాని మీద ఒకటి పెడితే జుట్టు నల్లగా నిగనిగలాడుతుంది. ఎయిర్‌పోర్టులో తనిఖీవాళ్ళు రెండో పొట్లం ఏమిటని అడిగితే, తెచ్చినాయనకి ఇంగ్లీషులో చెప్పడం చేతకాక దాన్ని అక్కడే వదిలేశాడు. సగం మందు సగమైనా పనిచేయకపోతుందా అని బాసిత్ మొదటిది పెట్టేసుకున్నాడు. మిగిలింది పారేయడమెందుకని గడ్డానికీ పూశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోయిందన్నట్టు, కడిగి అద్దంలో చూసుకుంటే కారం మిల్లులోంచి వచ్చినవాడిలా ఉన్నాడు.

ఆఫీసులో అప్పట్నుంచీ అతన్ని 'బ్లూయీ', అంటే నీలిగాడు, అని పిలవడం మొదలుపెట్టారు. ఈ దేశంలో ఎర్రజుట్టువాణ్ణి అలాగే పిలుస్తారట. ఎందుకని అడిగే ఓపిక కూడా అతనికి లేకపోయింది.

ఆవలింత ఊరికే పోలేదు. పిల్లలు రేడియోకి ఫోన్లు చేసి ఆ 'స్లీపీ అంకుల్' మళ్ళీ కావాలన్నారు. రత్నకుమారి ఆంటీ నంబరు సంపాదించి కబురు పెట్టింది. మాంత్రికుడి మీద అంత జాలి ఉన్నవాడు వచ్చి మాంత్రికుడి మాటలు తనే చెప్పవచ్చు కదా అని.

ఆ పై శనివారం స్టూడియో తలుపు తోసుకుని లోపలికొచ్చిన మనిషిని చూసి ఆరిఫా లేచి నిలబడింది. ఎర్ర తల, ఎర్ర గడ్డం, కళ్ళ కింద సంచులు, మెడకి మఫ్లరు.

"ఫోన్లో మీరు మీ తరఫునే మాట్లాడుతున్నారని తెలీదండి" అంది.

బాసిత్ కూర్చుని మైకు దగ్గరికి లాక్కున్నాడు. "ఇప్పుడు తెలిసింది కదా. కొంచెం చూసి చంపండి" అన్నాడు.

అలా మొదలైంది. కాగితం మీద ఏమీ రాసుకునేవారు కాదు. ఆరిఫా కథ నడిపేది, రాజకుమారి మాటలు ఆమే అనేది. మాంత్రికుడి వంతు వచ్చినప్పుడు బాసిత్ తనకు తోచింది అనేవాడు. రాజకుమారి తనని వదిలిపెట్టమని ఏడిస్తే, వదిలిపెడితే మళ్ళీ ఇంకొకర్ని ఎత్తుకు రావాలి, ఆ కొండ ఎక్కడం నా వల్ల కాదు తల్లీ అనేవాడు మాంత్రికుడు. శాపం పెట్టమంటే మంత్రం సగంలో మర్చిపోయేవాడు. కాస్త మజ్జిగ ఇప్పించమని రాజకుమారినే అడిగేవాడు. పిల్లలు పడిపడి నవ్వేవారు. పెద్దవాళ్ళు ఎందుకో నవ్వి, ఆ తర్వాత కాసేపు ఊరుకునేవారు. ఆ ఏడాది అందరూ అలిసిపోయే ఉన్నారు.

కార్యక్రమం అయ్యాక స్టూడియో వంటగదిలో టీ కాచుకునేవారు. ఒకరోజు ఆరిఫా తన లైబ్రరీ సంగతులు చెప్పుకొచ్చింది. పుస్తకాల్లో ఎర్రజుట్టు పిల్ల కనబడితే అనాథైనా అయ్యుంటుంది, ముక్కు మీద కోపమైనా ఉంటుంది. మగపిల్లాడైతే క్లాసులో తుంటరి, పెద్దయితే ఓడ దొంగ. మన కథల్లో అయితే అడగక్కర్లేదు, రాక్షసుడు.

"ఎర్రజుట్టు అని ఒక్క ముక్క రాస్తే చాలు, రాసేవాళ్ళకి సగం పని తప్పుతుంది. ఆ మనిషి ఎలాంటివాడో చదివేవాళ్ళే అనేసుకుంటారు" అంది.

"ఎర్రజుట్టువాడు బ్యాంకులో క్లర్కు, సాయంత్రం ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాడు. ఇట్లాంటి కథ ఒక్కటీ లేదా?"

"ఉంటే ఎవరు చదువుతారు?"

"నేను చదువుతా" అన్నాడు బాసిత్.

అన్నది సరదాకే గానీ, ఆ మాటలో ఉన్న అలుపు ఆరిఫా గుండెలో ఎక్కడో తగిలింది. ఆమెదీ అలాంటి జీవితమే. తొమ్మిదింటికి వెళ్ళడం, పుస్తకాలు సర్దడం, ఇంటికొచ్చి అన్నయ్యకి వండిపెట్టడం. శనివారం ఒక్కటే తనది.

సెప్టెంబరు వచ్చేసరికి మ్యాగ్‌పై పక్షులు పిల్లల్ని పెట్టి, దారినపోయేవాళ్ళ తలల మీదికి దూకడం మొదలుపెట్టాయి. ఆ పక్షులకి బాసిత్ తల అంటే ప్రత్యేకమైన పగ. స్టూడియో నుంచి కార్ల దాకా ఆరిఫా గొడుగు వేసి అతన్ని దాటించేది. వాన లేదు, ఎండా లేదు, ఒకే గొడుగు కింద ఇద్దరు. కార్లు వచ్చేసినా గొడుగు మూయడానికి ఆమెకి కొంచెం ఆలస్యమయ్యేది. అతను తొందరపెట్టేవాడు కాదు.

సరిగ్గా ఆ గొడుగు కింద ఉండగానే ఒకరోజు మహమ్మద్ ఎదురొచ్చాడు.

మహమ్మద్ ఆరిఫాకి అన్న. నలభై నిండుతున్నాయి. కావలి నుంచి ఎప్పుడో వచ్చి పచారీ కొట్టు పెట్టుకుని, తల్లీతండ్రీ పోయాక చెల్లెల్ని తెచ్చుకుని చదివించాడు. మనిషి మంచివాడే గానీ చెల్లెలి విషయంలో అనుమానం పాలు ఎక్కువ. పరాయి మగవాడితో ఒకే గొడుగు కింద వస్తున్న చెల్లెల్ని చూసి ముఖం ముడుచుకున్నాడు. ఇంకాస్త దగ్గరికి రాగానే ఎర్ర గడ్డం కనబడింది. ముడుచుకున్న ముఖం విచ్చుకుంది. చెయ్యి నుదుటి దాకా లేచింది.

"అస్సలామలైకుం చాచా" అన్నాడు, వంగి.

మనవైపు ముస్లిముల ఇళ్ళలో మెహందీ పెట్టిన గడ్డం అంటే అది పెద్దరికం. జుట్టు నెరిసిన పెద్దలు పెట్టుకుంటారు. ఆ ఎరుపు కనిపిస్తే ముందు సలాము, వయసు తర్వాత. కుర్రవాళ్ళెవరూ పెట్టుకోరు. పైగా ఆ కళ్ళ కింద సంచులు, ఆ వంగిన నడుము, రేడియోలో వారం వారం వినే ఆ నీరసం గొంతు. మహమ్మద్‌కి రవ్వంత అనుమానమైనా రాలేదు. పెద్దాయన, దేశం కాని దేశంలో పిల్లలకి కథలు చెబుతున్నాడు, మా పిల్లకి గొడుగు పట్టే భాగ్యం దొరికింది అనుకున్నాడు.

బాసిత్ నోరు తెరిచాడు. ఆరిఫా గొడుగు పిడితో అతని మోచేతి మీద చిన్నగా పొడిచింది. తెరిచిన నోటితోనే "వలైకుమస్సలాం" అన్నాడు.

"చెప్పనివ్వలేదేంది?" అని వారం తర్వాత అడిగాడు.

"చెబితే వచ్చే వారం నుంచి నేను రాను. రానివ్వడు" అంది ఆరిఫా, కప్పులో చక్కెర కలుపుతూ.

దాంతో ఇద్దరూ ఊరుకున్నారు. మహమ్మద్‌కి చాచా మీద గురి కుదిరింది. కొట్టుకి వస్తే కుర్చీ వేసేవాడు. మోకాళ్ళ నొప్పులకి ఏం వాడుతున్నారని అడిగేవాడు. తల్లీతండ్రీ లేని ఇల్లు కదా, మంచీచెడూ అడగడానికి పెద్ద దిక్కు దొరికిందని నలుగురితో చెప్పుకున్నాడు. బాసిత్‌కి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడల్లా ముళ్ళ మీద కూర్చున్నట్టుండేది.

నవంబరులో ఒక సాయంత్రం మహమ్మద్ అతన్ని కొట్టు వెనక గదిలోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరగా వేశాడు. ఆరిఫాకి ఒక సంబంధం వచ్చిందట. హైదరాబాదువాళ్ళు. అబ్బాయి పేరు జైన్. గవర్నమెంటులో పర్మనెంటు ఉద్యోగం. విచిత్రమేమిటంటే అది బాసిత్ పనిచేసే డిపార్ట్‌మెంటే.

"పిల్లనిచ్చే ముందు ఒక పెద్దమనిషి చేత వాకబు చేయించాల గదా చాచా. మాకు ఇక్కడ మీరు తప్ప ఎవురుండారు? తాగుడుందా, కోపముందా, ఆడోళ్ళతో ఎట్టుంటాడు, అంతా చూసి చెప్పండి. మీరు సరేనంటే సరే, వొద్దంటే వొద్దు" అన్నాడు మహమ్మద్.

మూలిగే నక్క మీద తాటిపండు పడింది. తన వయసు చెప్పేస్తే ఇన్నాళ్ళూ మోసం చేసినట్టు, చెప్పకపోతే తన చేతుల్తో తనే ఆ పిల్లని ఇంకొకరికి అప్పగించినట్టు. బాసిత్ తల ఊపి బయటికొచ్చాడు. కారులో కూర్చుని తాళం చెవి తిప్పడానికి చాలాసేపు పట్టింది.

జైన్ పై అంతస్తులో కూర్చుంటాడు. బాసిత్ ప్రోగ్రాముల్లో తప్పు పట్టే కళ్ళతోనే ఆ కుర్రవాణ్ణి గాలించాడు. మనసులో మాట చెప్పాలంటే, ఒక్క తప్పు దొరకాలని కోరుకున్నాడు. కలిసి లంచ్ చేశాడు. ప్రింటరు మొరాయించినప్పుడు కోప్పడతాడేమోనని పక్కనే నిలబడ్డాడు. జైన్ నవ్వి, కాగితం లాగి, వెనకవాళ్ళవి కూడా ప్రింటు తీసి ఇచ్చాడు. ఊడ్చే ఆవిడని పేరు పెట్టి పలకరిస్తాడు. తాగడు. పైగా బాసిత్ మెడ వాలిపోతుంటే చూసి కాఫీ తెచ్చిపెట్టాడు. ఇలాంటివాణ్ణి ఏమని కాదంటాం?

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు. ఒక్క అబద్ధం ఆడితే ఈ పెళ్ళి ఆగిపోతుంది. ఆ ఒక్కటీ బాసిత్ నోటికి రాలేదు.

"మంచివాడే. ఇవ్వచ్చు" అని చెప్పి వచ్చేశాడు.

ఆ శనివారం ఆకాశం ఉరుముతోంది. ఆరిఫా స్టూడియోకి ఆలస్యంగా వచ్చింది. సలాం లేదు, నవ్వు లేదు. ప్రసారం మొదలైనట్టు ఎర్రలైటు వెలిగాక కథ అందుకుంది. రాజకుమారుడు గుహ దగ్గరికి వచ్చేశాడట. అందగాడట, బుద్ధిమంతుడట, గుర్రం కూడా ఉందట. రాజకుమారి మాంత్రికుడి వైపు తిరిగి అడిగిందట.

"నన్ను పొమ్మంటావా?"

అది మాంత్రికుడి వంతు. బాసిత్ మైకు ముందు కూర్చుని ఉన్నాడు. ఏదో ఒక వేళాకోళం ఆడాలి. నోట్లోంచి ఏమీ రాలేదు. రేడియోలో నిశ్శబ్దం కంటే పెద్ద పాపం లేదు. రత్నకుమారి ఆంటీ అద్దం అవతల నుంచి చేతులు తిప్పుతోంది. చివరికి ఆవిడే ఏదో పాట వేసి ఇద్దరినీ గట్టెక్కించింది.

బయట వాన మొదలైంది. ఆరిఫా గొడుగు తెరవకుండా కారు వైపు నడిచింది. బాసిత్ వెనకాలే వెళ్ళాడు.

"రేపు వాళ్ళు వస్తున్నారు. మా వాడు రాత్రంతా ఒకటే పాట. చాచా ఇవ్వచ్చన్నాడు, చాచా ఇవ్వచ్చన్నాడు అని" అంది వెనక్కి తిరిగి. అన్నాళ్ళూ 'మీరు' అంటూ వచ్చిన పిల్ల ఇప్పుడు 'నువ్వు'లోకి దిగింది. "నాకు సంబంధం చూడమని నిన్నెవరడిగారు?"

"మీ అన్న అడిగినాడు. చూసినదే చెప్పినా."

"అడిగింది చెప్పావు. అడగంది?"

వాన అతని గడ్డం మీంచి కారుతోంది. "అడగంది చెప్పేదానికి నాకు అర్హత ఏముంది? జనవరి తర్వాత ఉద్యోగం లేదు. ఆదివారం లేచి కూర్చునే ఓపిక లేదు. జైన్ పక్కన నన్ను నిలబెట్టి చూడు. నిజంగా, నేనే నీ అన్ననైతే..."

"నువ్వు నా అన్నవి కావు" అంది ఆరిఫా. "ఓపికున్నవాళ్ళని రోజంతా చూస్తూనే ఉంటాను. నీ దగ్గర కూర్చుంటే నేనూ అలిసిపోయానని ఒప్పుకోవచ్చు. నాకది చాలు. నీకు నేనంటే ఇష్టముందా లేదా, అది చెప్పు."

"ఉంది. గొడుగు పట్టినప్పటి నుంచి ఉంది" అన్నాడు బాసిత్.

"అయితే రేపు వాళ్ళు రాకముందే వచ్చి ఆ మాట మా వాడికి చెప్పు. నేను చెప్పను. వాకబు చేసింది నువ్వు."

మర్నాడు పొద్దున బాసిత్ అదే పేటలోని ఆరిఫా వాళ్ళింటి తలుపు తట్టాడు. మహమ్మద్ కొత్త చొక్కా వేసుకుని ఉన్నాడు. టేబుల్ మీద ప్లేట్లు పేర్చి ఉన్నాయి. రండి రండి అని సోఫాలో మెత్తటి వైపు చూపించాడు. బాసిత్ కూర్చోలేదు. నిలబడే చెప్పేశాడు. తన వయసు ముప్పై అని, తల తొందరగా నెరిసిందని, ఆ రంగు పెద్దరికానికి పెట్టింది కాదు, పొరపాటున పడిందని, ఆ రోజు సలాము పెట్టినప్పుడే చెప్పాల్సిందని, చెప్పకపోవడానికి కారణం ఆరిఫా మీద ఇష్టమని.

మహమ్మద్ కొత్త చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. తన కంటే పదేళ్ళు చిన్నవాడికి ఎన్నిసార్లు వంగి సలాము చేశాడో తల్చుకున్నట్టున్నాడు, మెడ దాకా ఎర్రబడ్డాడు. మోకాళ్ళ నొప్పుల సంగతి కూడా గుర్తొచ్చి ఉంటుంది. వంటగది తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది.

కోప్పడతాడనుకున్నారు ఇద్దరూ. మహమ్మద్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"నాకు ఇక్కడ పెద్ద దిక్కని నువ్వొక్కడివే ఉండావు. ఇప్పుడు కొత్త సంబంధం వొచ్చింది. దీని గురించి నేనెవుర్ని అడగాల?" అన్నాడు. సోఫాలో మెత్తటి వైపు మళ్ళీ చూపించాడు. "కూర్చోండి చాచా. కడప పిల్లోడొకడు ఉండాడు, బాసిత్ అంట. మీకు తెలిసే ఉంటది. ఎట్టాంటోడు?"

బాసిత్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చున్నాడు.

"తెలుసు. ఉద్యోగం జనవరి దాకానే. తర్వాత వెతుక్కోవాల" అన్నాడు.

"తాగుడు?"

"లేదు. సిగరెట్లు ఉండేవి, మానేసినాడు."

"కోపం?"

"కోప్పడేదానికి ఓపిక ఉండాల కదా."

"అబద్ధాలు?"

"ఒకటి ఆడినాడు. నోరు మూసుకుని ఆడినాడు. అదే పెద్ద తప్పు."

మహమ్మద్ తల ఊపాడు. "జైన్ కంటే మేలంటారా?"

"కాదు" అన్నాడు బాసిత్. "జైనే మేలు. ఎట్ల చూసినా."

వంటగది తలుపు తెరుచుకుంది. ఆరిఫా గుమ్మంలో నిలబడింది, కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"చూశావా భాయ్. తన గురించి అడిగినా అబద్ధం చెప్పలేడు. ఇంకేం వాకబు కావాలి నీకు?"

మహమ్మద్ ఆమెని చూశాడు, అతన్ని చూశాడు. పెద్దగా నిట్టూర్చి లేచాడు. జైన్ వాళ్ళింటికి ఫోన్ చేయాలి, ఏం చెప్పాలో అల్లాకే తెలియాలి అనుకుంటూ పక్కగదిలోకి నడిచాడు. వెళ్తూ వెళ్తూ బాసిత్ భుజం మీద చెయ్యి వేసి ఒక్క నొక్కు నొక్కాడు. ఆ చెయ్యి బరువుకి బాసిత్ కళ్ళు చెమ్మగిల్లాయి. సోఫా నిజంగానే మెత్తగా ఉంది. ఎన్నో నెలలుగా వెన్నులో బిగుసుకున్నదేదో వదులైంది. ఆరిఫా టీ తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఫోన్లో క్షమాపణలు చెప్పీ చెప్పీ చెమటలు పట్టి బయటికొచ్చిన మహమ్మద్, "ఆరిఫా, ఆ ప్లేట్లు తీసెయ్" అని గట్టిగా కేకేశాడు. ఆరిఫా పరుగున వచ్చి పెదాల మీద వేలు పెట్టి సోఫా వైపు చూపించింది. బాసిత్ కూర్చున్నవాడు కూర్చున్నట్టే, తల పక్కకి వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని గాఢంగా నిద్రపోతున్నాడు.

కిటికీలోంచి ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. మహమ్మద్ అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి కర్టెన్ లాగాడు.

"చాచా పడుకున్నట్టుండాడు" అన్నాడు గుసగుసగా. అని నాలిక కరుచుకున్నాడు. "మెల్లగా సర్దు. బావ లేస్తాడు."